సముద్రం వైపు బెంచీ

రోజు 112

బడి తెప్ప మీద తొమ్మిది పలకలకూ ఉప్పు తుడిచాను. నాలుగో పలక మరలు వదులైతే బిగించాను. బల్లకు మరలేసి బిగించకపోతే పెద్ద అల ఒక్కటి చాలు, పలక నీళ్లపాలు. ఈ తెప్పల ఊరు తేలుదిబ్బను కట్టిన మొదటి ఏడు మా పెద్దలు ఆరు పలకలు పోగొట్టుకుని ఆ పాఠం నేర్చుకున్నారు.

ఈ లాగ్ సరదాకి రాస్తున్నది కాదు. పలకల్లో యాప్ మార్చాలంటే ఎందుకు మార్చానో రోజువారీ రాసి సంఘానికి అప్పజెప్పాలి. నా పేరు అప్పలస్వామి. పిల్లల చదువుకు యాప్‌లు ఎంచడం ఇరవై రెండేళ్లుగా నా పని. పెట్టెలో నాలుగు వందల పన్నెండు యాప్‌లున్నాయి. అన్నీ నేల ఉన్న కాలంలో చేసినవి. పలకలో పట్టేది ఒక్కటే. ఒకటి వేస్తే ముందున్నది పోతుంది.

ఇప్పుడు మార్చాల్సి వచ్చిన కారణం నూకరత్నం. ఎనిమిదేళ్ల పిల్ల. పలకలో దాని మార్కులు నూటికి తొంభై మూడు. నిన్న గోడ బోర్డు చదివే పరీక్షలో సున్నా. ఇది రెండోసారి. మూడో పరీక్ష రెండు వందలో రోజున. అదీ తప్పితే పేరు, చదువు రాక వినికిడి మీదే బతికేవాళ్ల జాబితాకు, అంటే వినికిడి జాబితాకు ఎక్కుతుంది.

వాళ్ల అమ్మ కొర్లమ్మ బయటి తెప్ప మీద తాళ్లు చూసే మనిషి. తుఫాను వస్తే, మాకు దారీ పనీ చెవిలో చెప్పే చెవిబిళ్లలు మూగబోతాయి. అప్పుడు దిక్కు గోడల మీది బోర్డులే. బోర్డు చదవలేని మనిషిని బయటి తెప్పల మీద ఉండనివ్వరు. అంటే పిల్ల లోపలి తెప్ప వసతి గదికి, తల్లి బయట. తాళ్ల మనిషికి లోపలికి రావడానికి ఏడాదికి నాలుగు సెలవులు.

రోజు 113

పొద్దంతా యాప్‌లు చూశాను. ఒకటి తెరవగానే మీ ఊరు ఎంచుకోండి అని జాబితా చూపింది. అందులో సగం ఊళ్లు మా తెప్పల కిందే ఉన్నాయి. ఇంకొకటి తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా చప్పట్లు కొడుతుంది. పరీక్షలు పెట్టే సన్యాసిరావు పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ మెచ్చుకోలేదు. ఆ యాప్ పిల్లలకంటే అతనికి అవసరం. మూడోది మాటకో బంగారు చుక్క ఇస్తుంది. పిల్లలు చుక్కలు ఏరుకుని అక్షరాలు వదిలేస్తారు. దాన్ని పదేళ్ల కింద ఒకసారి వేసి నాలుక కరుచుకున్నాను.

ఇప్పుడు పలకల్లో ఉన్నది ‘చిలక’. ప్రతి మాటా పైకి చదివి వినిపిస్తుంది. జబ్బు అక్కడే అనిపించింది. పిల్ల చెవులతో నెగ్గుకొస్తోంది. చెవిబిళ్ల అలవాటు మా పిల్లలందరికీ ఉన్నదే. తలుపు మీద ఏం రాసి ఉందో కూడా అదే చెబుతుంటే తల ఎత్తి చూసేదెవరు?

‘చిలక’ తీసేసి ‘గవ్వలు’ వేశాను. దానికి నోరు లేదు.

రోజు 131

నోరు లేని యాప్‌లో నూకరత్నం మార్కులు తొంభై ఒకటి.

పైడితల్లి టీచరు పిల్లను బయటి గోడ దగ్గరికి తీసుకెళ్లి బోర్డు చూపించింది. ఒక్క మాటా రాలేదట.

“మెడ వంకర తిప్పుతాది మాస్టారూ. నేలకేసి వంగిపోతాది. నిటారుగా నిల్చోవే అంతే నిల్చుంతాది గానీ, నోరు పెగలదు” అంది టీచరు.

సన్యాసిరావు ఆ మెడ వంకరను రెండు పరీక్షల్లోనూ ‘నిలకడ లేదు’ అని రాసిపెట్టాడు.

“తూకం తక్కువ పిల్లకి అచ్చరం అంటదు, మీకు తెలీందేటుంది” అని కూడా అంది టీచరు. అది ఇక్కడి సామెత. దానికి కారణం లేకపోలేదు. బడి తెప్పకు సముద్రం వైపు బ్యాటరీలున్నాయి. తెప్ప ఒరగకుండా బరువు పిల్లల్ని లోపలి వైపు బెంచీల మీద, తేలిక పిల్లల్ని సముద్రం వైపు బెంచీల మీద కూర్చోబెడతాం. మధ్యలో బల్ల, బల్ల నడుమ పలక. ఏటా తూచి చోటు రాస్తాం. ఒళ్లు చేసినవాళ్లు లోపలి వైపుకు మారతారు. పరీక్ష తప్పేవాళ్లు ఎప్పుడూ సముద్రం వైపు వాళ్లే. తిండి చాలక బుర్ర ఎదగలేదని అంటారు. నేనూ అదే అనుకుంటాను. నూకరత్నానికి రోజూ ఒక చెంచా ఎండుచేపల పొడి అదనంగా ఇవ్వాలని సిఫారసు రాశాను.

రోజు 132

‘గవ్వలు’లో మాట పక్కన బొమ్మ ఉంది. పడవ అన్న మాట దగ్గర పడవ బొమ్మ. పిల్ల బొమ్మ చూసి మాట గుర్తుపడుతోంది, మాట చదవడం లేదు. ఇంత తేలిక సంగతి నాకు నిన్న తట్టలేదు.

బొమ్మల్లేని యాప్‌లు పెట్టెలో పదకొండే. నేల మీది జనం బొమ్మ లేకుండా పిల్లలకు ఏదీ చెప్పేవారు కాదు కాబోలు. వాటిలో ‘ఏడు మెట్లు’ నయం. మాట, దాని కింద నాలుగు మాటలు, సరిపోయేది ముట్టుకోవాలి. చూడ్డానికి ఎండిన చెక్కలా ఉంటుంది. వేశాను. బొమ్మలు పోయాయని పిల్లలు ఏడ్చారని టీచరు కబురు పంపింది. ఏడ్వనీ.

రోజు 149

ఎండిన చెక్కలోనూ తొంభై నాలుగు. బోర్డు దగ్గర సున్నా.

ఇక మిగిలింది కాపీ ఒక్కటే. పలక వేలిముద్రను బట్టి ఏ పిల్లో గుర్తుపడుతుంది కానీ, పక్కపిల్ల చెవిలో చెబితే దానికేం తెలుస్తుంది? ఈ రోజు బల్ల దగ్గర మిగతా పిల్లల్ని లేపి దూరంగా నిలబెట్టించాను. నూకరత్నం ఒక్కతే తన చోట కూర్చుంది. నేను ఎదురుగా, లోపలి వైపు నిలబడి కళ్లార్పకుండా చూశాను. ఇరవై ప్రశ్నలు. పందొమ్మిది ఒప్పు. నేను చదివి ముగించేలోపే దాని వేలు జవాబు మీద ఉంది.

వెంటనే చెయ్యి పట్టుకుని బోర్డు ముందుకు తీసుకెళ్లాను. అదే మాటలు సుద్దతో రాశాను. చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. మెడ పక్కకు వంచబోతే, “తిన్నగా నిలబడు” అని అరిచాను.

మొండితనం అని రాశాను. ఈ పనిలో అరవడం నాకిదే మొదటిసారి. నా యాప్ సరైనదేనని రుజువైంది కదా, ఇంకా కోపమెందుకో నాకే తెలియలేదు.

రోజు 160

నర్సు కళ్లు చూసింది, చెవులు చూసింది. రెండూ భేషుగ్గా ఉన్నాయి.

మధ్యాహ్నం కొర్లమ్మ వచ్చింది. ఉన్న నాలుగు సెలవుల్లో ఒకటి దీనికి వాడింది. చేతులకు తాళ్ల ఒరుపులు, అరచేతులు చెక్కలా ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా గుంట మొండిదని రాసీసినారట గదా బాబూ.”

“పలకలో అన్నీ చేస్తోంది కొర్లమ్మా. బోర్డు దగ్గర చెయ్యదు. ఇంకేమని రాయను?”

“నా కూతురు నాతోటి ఉండాలని నాకెంతుందో, దానికి అంతకి రెండింతలుంది. కావాలని తప్పుతాదేటి? రేతిరి తలకిందులుగా పండుకుని, సేతి ఏళ్లతోటి గాల్లో అచ్చరాలు దిద్దుకుంతాది.”

రాయడం మేం నేర్పేది పరీక్ష దాటాకే. గాల్లో ఏం దిద్దుతుందో అనుకుని ఊరుకున్నాను. వేరే యాప్ చూస్తానని చెప్పాను.

“ఈ యాపూ, ఆ యాపూ. రెండుపాల్లు మార్చినారు. ఒక్కపాలి వొచ్చి దాని పక్కన కూకుంతే ఏటి పోద్ది బాబూ మీకు?”

నా బరువు అరవై నాలుగు కిలోలనీ, పిల్లల బెంచీ మీద పెద్దవాళ్లు కూర్చోవడం తూకం నియమానికి విరుద్ధమనీ చెప్పాను. అది నిజమే. ఆమె నన్ను కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

రోజు 178

బొమ్మల్లేని వాటిలో మిగిలిన పది యాప్‌లూ మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఏదీ వేయలేదు. పలకలో పిల్లకు లోటేమీ లేనప్పుడు పలక మార్చి లాభం లేదు. ఇది రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది.

టీచరుకు కబురు పంపాను. రేపటి నుంచి నాలుగు రోజులు బడికి సెలవు, తెప్పల తాళ్లు మారుస్తున్నారు. ఆ తర్వాత వస్తాను.

రోజు 183

సముద్రం వైపు రెండో బెంచీ మీది మిగతా ముగ్గురు పిల్లల్నీ టీచరు ఆ పూట ఇళ్లకు పంపింది. వాళ్ల ముగ్గురి బరువుకు నేను సరిపోయాను. నూకరత్నం పక్కన కూర్చున్నాను. మోకాళ్లు బల్లకు తగిలాయి.

పలక చూశాను. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

ఎదుటి బెంచీ పిల్లలకు సరిగ్గా ఉన్నాయి. ఉండాలి మరి, పలకకు రెండు పైవైపులు ఉండవు. అలల ఊపుకు తెర ఊరికే అటూ ఇటూ తిరిగిపోతోందని, తిరగకుండా ఆపేసింది నేనే, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో. ఆ తర్వాత మరలు బిగించడానికి, ఉప్పు తుడవడానికి రోజూ వచ్చాను. ప్రతిసారీ లోపలి వైపే నిలబడ్డాను. టీచరు కుర్చీ కూడా అటే.

“నూకరత్నం, ఇవి తలకిందులుగా ఉన్నాయి కదమ్మా” అన్నాను.

“నేదు తాతా. ఇలగే ఉంతాయి” అంది, నాకే చదువు రాదన్నట్టు.

చీటీ మీద ‘మా అమ్మ తాళ్లు కడుతుంది’ అని రాసి తిప్పి పట్టుకున్నాను. గుక్క తిప్పుకోకుండా చదివేసింది. చదివి నవ్వింది కూడా, వాళ్ల అమ్మ గురించి రాశానని.

“మరి బోర్డు మీద తిరగబడి ఉన్నాయని ఎవరికీ చెప్పలేదేం?”

“పరీచ్చ గదా తాతా. కష్టంగా ఉండాలని మీరే తిప్పి రాసినారనుకున్నాను.”

అటువైపు పిల్లలు పాఠం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

రోజు 184

తూకం పుస్తకాలు తీశాను. ఏ పిల్ల ఏ ఏడు ఏ బెంచీ మీద కూర్చుందో అందులో ఉంటుంది. చాలామంది పిల్లలు ఒకటి రెండేళ్లు సముద్రం వైపు కూర్చుని, ఒళ్లు చేశాక లోపలి వైపుకు మారారు. వాళ్లకు రెండు రకాలుగానూ చదవడం వచ్చింది. ఆ సంగతి వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. చిక్కంతా బడిలో ఉన్న మూడేళ్లూ తేలిగ్గానే ఉండిపోయిన పిల్లలకు.

నేను వచ్చాక వినికిడి జాబితాకు ఎక్కినవాళ్లు పందొమ్మిది మంది. వాళ్లలో పదిహేడు మంది మూడేళ్లూ సముద్రం వైపే కూర్చున్నారు. పదిహేడు కాగితాల మీదా సంతకం నాదే.

నాకు సిగ్గుగా ఉంది. భయంగానూ ఉంది. ఈ లాగ్‌లో ఇలాంటివి రాయడానికి చోటు లేదు, అయినా రాస్తున్నాను.

రోజు 187

సంఘం కూర్చుంది. పిల్లలు వారానికోసారి బెంచీలు మారేలా కొత్త తూకం వేయడానికి ఒప్పుకున్నారు. నూకరత్నానికి చీటీ తిప్పి పట్టుకుని పరీక్ష పెట్టమని అడిగాను. సన్యాసిరావు ఒప్పుకోలేదు.

“తుఫానొచ్చినప్పుడు బోర్డు ఎవుడి కోసమూ తిరగదు అప్పలస్వామీ. పిల్ల మీద నాకేటి పగా? అది బోర్డు సదవలేక తాడు ఒగ్గీసిందనుకో, పోయేది అదీ, దాని తల్లీ.”

అతని మీద నాకు ఎప్పుడూ ప్రేమ లేదు. కానీ ఆ మాట సరైనదే. పరీక్ష రెండు వందలో రోజునే. ఇంకో ఏడాది గడువడిగితే నియమంలో లేదన్నారు.

రోజు 188

తిప్పి చదవడం నేర్పే యాప్ పెట్టెలో లేదు. మూల పగిలిన పలక ఒకటి గదిలో పడి ఉంటే బయటికి తీశాను. ‘ఏడు మెట్లు’ అందులోనూ వేశాను. సంఘం అడుగుతుంది కనుక రాస్తున్నాను, యాప్ మార్చలేదు.

పలకను నూకరత్నం ముందు దానికి అలవాటైన తీరులోనే పెట్టి, కొంచెం తిప్పాను. గడియారంలో చిన్నముల్లు అరగంటలో ఎంత జరుగుతుందో అంత. రోజుకంతే. పన్నెండు రోజులకు తిన్నగా వస్తుంది. పిల్ల తల తిప్పకుండా టీచరు దాని గడ్డం పట్టుకుంది. ఇరవైకి పద్దెనిమిది.

రోజు 191

ఇరవైకి పదిహేను. మెడ నొప్పి అంటోంది. ఆముదం రాశారు.

రోజు 193

పలక అడ్డంగా వచ్చింది. ఇరవైకి నాలుగు. మాటలు గోడ మీద పాకే పీతల్లా ఉన్నాయంది. ధైర్యం చెబుదామని పాత తీరుకు తిప్పి చూపించాను. అదీ రాలేదు. ఇటు పోయింది, అటూ పోయింది. పిల్ల బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

కొర్లమ్మ రెండో సెలవు పెట్టి వచ్చింది.

“వొచ్చింది కూడా పోగొట్టీసినారు బాబూ” అంది.

అరవలేదు. అరిస్తే బాగుండేది. నేను తప్పు చేసి ఉండొచ్చని ఒప్పుకున్నాను. ఆపేయమంటే ఆపేస్తానన్నాను. ఆమె కూతురి వీపు నిమిరింది.

“సగం గుడ్డ నేసి మగ్గం ఒగ్గీమంతే ఎలగ? కానీండి” అంది. ఆ పూటంతా కూతురి పక్కనే కూర్చుంది. ఆమె బరువుకు నలుగురు పిల్లలు ఇళ్లకు పోవాల్సి వచ్చింది. వాళ్లు సంతోషంగానే పోయారు.

రోజు 196

ఇరవైకి తొమ్మిది. సగం దాటాక పిల్ల తల తనంతట తనే నిలబడుతోంది.

రోజు 199

పలక తిన్నగా ఉంది. ఇరవైకి పదమూడు. గట్టెక్కాలంటే పన్నెండు చాలు. కానీ పలక వేరు, గోడ వేరు. గాలి వేరు.

రోజు 200

పరీక్ష బయటి గోడ దగ్గర జరిగింది. నియమం ప్రకారం చెవిబిళ్ల తీసేశారు. సన్యాసిరావు సుద్దతో రాసి పక్కకు జరిగాడు. గాలి ఎక్కువగా ఉంది, తెప్ప ఊగుతోంది. నూకరత్నం రెండు చేతులతో తన గడ్డం తనే పట్టుకుని నిలబడింది.

“గాలి... పెరిగింది. తాళ్లకు... రెండేసి... ముళ్లు వేయండి.”

తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది. ఎంతసేపో ఆగింది. కొర్లమ్మ పెదాలు కదిలాయి, సన్యాసిరావు ఆమె వైపు కళ్లురిమాడు. పిల్ల ఆ మాట వదిలేసి కిందికి వెళ్లింది.

“...పిల్లలను... లోపలికి తీసుకురండి.”

ఒక్క మాట పోయింది. సన్యాసిరావు కాగితం మీద ఏదో రాశాడు. రాసి, ఆ కాగితాన్ని పిల్ల చేతికే ఇచ్చి చదవమన్నాడు. ‘గట్టెక్కింది’ అని ఉంది. పిల్ల చదివేలోపే కొర్లమ్మ ఎత్తుకుంది. సన్యాసిరావు నావైపు తిరిగి, గాలికి కళ్లల్లో ఉప్పు పడిందన్నాడు.

నాకు చాలా సంతోషమైంది. అది కూడా రాస్తున్నాను.

రోజు 203

జాబితాలో పాత పేర్లను పైనుంచి మొదలుపెట్టాను. మొదటి పేరు బంగారి. పద్దెనిమిదేళ్ల కింద ఎక్కింది. ఇప్పుడు ఇరవై ఆరు. లోపలి తెప్ప మీద నాచు ఆరబెట్టే షెడ్డులో పని. చెవిబిళ్ల చెప్పినట్టు నాచు తిరగేస్తుంది, చెవిబిళ్ల చెప్పినప్పుడు అన్నానికి పోతుంది. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టలేదు.

జాబితా నుంచి ఆమె కాగితాన్ని తీసుకెళ్లాను. ముందు నా తప్పు ఒప్పుకుని తర్వాత చూపిద్దామనుకున్నాను కానీ, మాటలు కుదరలేదు. కాగితం ఇచ్చాను.

“నాకు సదువు రాదు బాబూ” అంది తిరిగి ఇచ్చేస్తూ.

ఆమె చేతుల్లోనే దాన్ని తలకిందులు చేశాను.

నాచు పట్టిన వేలు కాగితం మీద పెట్టింది. చెవిబిళ్ల ఏదో చెబుతోంది కాబోలు, తీసి జేబులో వేసుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఒక్క మాట చదవని మనిషి. ఒక్కో అక్షరం పలికి, కలుపుకుని, మళ్లీ పలికింది.

“బంగారి. వయసు... ఎనిమిది. బరువు తక్కువ. ఈ పిల్ల... చదవలేదు.”

మళ్లీ ఆ ముక్కే చదివింది, ఈసారి ఆగకుండా. జరిగిందంతా అప్పుడు చెప్పాను. పలక గురించి, బెంచీ గురించి, సంతకం గురించి. ఆమె నన్ను తిట్టలేదు. కాగితం నాచు మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

“మాయమ్మ బయటి తెప్ప మీదే పోయింది బాబూ. పోయే దాకా ఒకటే ఏడుపు. నా పిల్లకి నాను సరిగ్గా తిండి పెట్టుకోనేకపోయినాను, అందికే సదువు అంటలేదని.”

ఇంకా పదహారు పేర్లున్నాయి. రేపు రెండో పేరు దగ్గరికి వెళ్లాలి.